చూసింది ఇద్దరం

ఆమె పోయిన పన్నెండో రోజున ఆమె చెల్లెలు మా ఇల్లు వెతుక్కుంటూ మామిడిపల్లి వచ్చింది. అంతకుముందు మేము ఒకరినొకరం చూసుకున్నది లేదు. గుమ్మంలో నిలబడి, "సుగుణమ్మగారంటే మీరేనా? అక్క చనిపోయిందండీ" అంది. ఏ అక్కో చెప్పనవసరం లేకపోయింది. ఆ కనుబొమలు, మాట చివర కాస్త పైకి లేచే ఆ గడ్డం నాకు బాగా తెలిసినవే.

జ్వరమని ఆసుపత్రిలో చేరిస్తే పది రోజుల్లో అయిపోయిందట. నాకు కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి నేనెవరినో వాళ్ళకు తెలియదు కదా. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కాస్త తేరుకున్నాక వచ్చిన పని చెప్పింది.

"అక్క రాసుకున్న కాగితాలు మీ దగ్గరే ఉన్నాయని తన డైరీలో ఇప్పుడు చూశామండీ. వాళ్ళ పీహెచ్‌డీ గైడుగారు అడుగుతున్నారు. అక్క పేరు మీద పుస్తకం తెస్తామంటున్నారు. ఏవో చిన్న సవరణలు చేసి."

ఆ చిన్న సవరణ ఏమిటో నాకు తెలుసు. నా పేరు తీసేసి ఆ చోట మరొకరి పేరు పెట్టడం. ఆ ఒక్కదానికి ఒప్పుకోకనే ఆమె బతికుండగా డాక్టరేటు పోగొట్టుకుంది.

"ఆలోచించి చెప్తనమ్మా" అని పంపించాను. ఆలోచించడానికి ఏముంది, ఆమెను తలుచుకోవడమే.

ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. ఆ పేరు రావలసిన చోటు వేరే ఉంది. అక్కడ రానిదే ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

విమానాశ్రయం శంషాబాదుకు వచ్చిన మరుసటి ఏడాది నేను ఒక హోటల్లో లినెన్ రూం చూసేదాన్ని. బెంగళూరు రోడ్డు మీద మూడంతస్తుల హోటలు. తెల్లవారి విమానం ఎక్కేవాళ్ళు, గల్ఫుకు పోయేవాళ్ళను సాగనంపడానికి జీపుల్లో వచ్చిన కుటుంబాలు, పని మీద వచ్చి ఒక రాత్రి ఉండి పోయే ఆఫీసువాళ్ళు దిగేవారు. దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉతుకుకు పంపడం, తిరిగి వచ్చాక సరిచూసి అరల్లో సర్దడం నా పని. నా గది రిసెప్షన్ కౌంటరుకు పక్కనే. తలుపు తీసి ఉంచితే కౌంటరు మొత్తం కనబడేది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నడక ఆలస్యమైంది. అమ్మ ఇంట్లోనే చదువు చెప్పింది. ఆమె దగ్గర ఉన్న పుస్తకం ఒక్కటే, చర్చిలో పాడుకునే కీర్తనల పుస్తకం. పాట నాకు ముందే నోటికి వచ్చు. కాబట్టి అక్షరాలు దాని వెంట వాటంతటవే వచ్చాయి. ఆ కాలికీ, ఆ పుస్తకానికీ దేవునికి ఎన్నోసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఒక చోట కూర్చుని నిదానంగా చూడటం నాకు అప్పుడే అలవాటైంది.

ఒక పొద్దున రిసెప్షన్‌లో చేపల తొట్టి పక్కన పేము కుర్చీలో ఒకామె కనబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. నూలు చీర, మగవాళ్ళు పెట్టుకునే పెద్ద గడియారం, ఒళ్ళో అట్టకు క్లిప్పుతో బిగించిన కాగితాలు. మరునాడూ ఉంది. ఆ మరునాడూ ఉంది. ఎవరైనా కౌంటరు దగ్గరికి వస్తే తలెత్తేది, చిన్న గీత గీసేది, మళ్ళీ ఊరుకునేది. మధ్యమధ్య రుమాల్లో కట్టుకొచ్చిన మరమరాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకునేది. గుప్పెడు ఒకేసారి ఎందుకు తినరని తర్వాతెప్పుడో అడిగితే, "గుప్పెడు తినాలంటే తల వంచాలి. ఆలోగా ఒక మనిషి తప్పిపోతాడు" అంది.

కౌంటరులో యాదగిరి ఉండేవాడు. మేమందరం యాదన్న అనేవాళ్ళం. మూడో రోజుకు అతనికి ఓపిక పోయింది.

"ఏందక్కా ఈమె? సీఐడీనా?"

"కాలేజీల పాఠాలు చెప్పే మేడమట యాదన్నా. ఇంకా పెద్ద చదువు చదువుతుందట."

"గీ వయసులనా? మనల్ని చూసుకుంట ఏం చదువుతది? మనమేమన్న పుస్తకాలమా?"

అన్నాడే గానీ ఆ రోజు నుంచి రోజూ గడ్డం గీసుకుని రావడం మొదలుపెట్టాడు.

ఆమె ఎవరు వచ్చినా లేచి నిలబడేది. ఊడ్చే మనిషి వచ్చినా, నేను దుప్పట్ల కట్ట ఎత్తుకుని వెళ్తున్నా, లేచేది. మేనేజరుకు అది ఇబ్బందిగా ఉండేది. "కూర్చోండి మేడం, వాళ్ళు మన స్టాఫే" అన్నాడు ఒకసారి. "తెలుసండీ, అందుకే లేచాను" అంది. ఆ మాటకు మేనేజరు నవ్వలేదు. మేము లోపలికి పోయి నవ్వుకున్నాం.

ఒక శుక్రవారం ఉతుకు బండి రాలేదు. నేను ఖాళీగా ఉండటం చూసి నా గదిలోకి వచ్చింది.

"మా మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో అందరూ అతిథినే అడుగుతారు సుగుణమ్మగారూ, తృప్తిగా ఉందా అని. సేవ చేసినవాళ్ళని ఎవరూ అడగరు. నేను వాళ్ళని కూడా అడగను. అడిగితే అందరూ బాగుందనే అంటారు. నేను చేతులు చూస్తాను."

కాగితం చూపించింది. మూడు గళ్ళు గీసి ఉన్నాయి. మొదటి గడి, చేతికి. రెండో గడి, బల్ల మీద. అతిథి తన గుర్తింపు కార్డు యాదన్న చేతికి ఇచ్చాడా, అతను చెయ్యి చాచి ఉన్నా బల్ల మీద పెట్టి వేలితో ముందుకు తోశాడా? సంతకం చేసిన పెన్ను చేతికి ఇచ్చాడా, పడేశాడా? మూడో గడి, తర్వాతి మాట. ఆ వెంటనే వచ్చిన మనిషితో యాదన్న ఎట్లా మాట్లాడాడు? ఎప్పటిలాగా "రండి సార్" అన్నాడా, ఉత్తి "చెప్పండి" అన్నాడా?

"ఒకడు తోసింది ఆ తర్వాత వచ్చినవాడికి తగులుతోందేమోనని నా అనుమానం. అది నిజమైతే, హోటలు వాళ్ళు ఎన్ని నవ్వులు నేర్పించినా లాభం లేదు."

నేను ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు మా ఊరి దుకాణంలో పొట్లం మా అమ్మ చేతికి ఇవ్వకుండా కొంగులోకి విసిరేవారు. అమ్మ అందుకుని నడిచి వచ్చేసేది, ఏమీ అనేది కాదు. ఇంటికి వచ్చాక మా మీద ఎందుకు విసుక్కునేదో నాకు ఆ మూడో గడి చూసేదాకా తెలియలేదు.

"నాకు ఇంకొక మనిషి కావాలి" అంది ఆమె. "నేనొక్కదాన్నే చూస్తే అది నా బుద్ధి అంటారు. ఇద్దరం విడివిడిగా చూసి ఒకటే రాస్తే, అది జరిగినట్టు. మా ఎంబీఏ పిల్లల్ని తెచ్చాను. రెండు రోజులు ఫోన్లు చూసుకుని, నా కాగితం చూసి రాసుకున్నారు. మీరు చేస్తారా?"

"నేను బడికి గూడ పోలేదు మేడం."

"బడికి వెళ్ళినవాళ్ళనే కదా చూశాం."

అట్లా మొదలైంది. ఉతుకు బండి వెళ్ళిపోయాక రోజూ రెండు గంటలు. ఆమె కుర్చీలోంచి, నేను నా తలుపు దగ్గర నుంచి. ఆ సేపు మాట్లాడుకోకూడదు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. తర్వాత నా గదిలో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గీత గీతా సరిచూసేవాళ్ళం. నాకు ఏదైనా తోచి, "గట్ల ఎందుకు చేసిండంటే మేడం" అని మొదలుపెడితే ఆపేసేది. "కారణం తర్వాత. ముందు చూద్దాం." ఆ మాట రోజుకు పదిసార్లయినా అనేది.

మూడు నెలలు గడిచాక ఒక రోజు చాలా ఉత్సాహంగా ఉంది. ఒక పెద్ద సంగతి తేలిందట. గది తాళంచెవి యాదన్న ఎవరి చేతికీ ఇవ్వడం లేదు. ప్రతిసారీ బల్ల మీదే పెడుతున్నాడు. "చూశారా? వాళ్ళు చేసింది వాళ్ళకే తిప్పికొడుతున్నాడు. నోటితో అనలేనిది తాళంచెవితో అంటున్నాడు!" అంటూ నా కాగితం తీసుకుని ఆగిపోయింది. నేను తాళంచెవి దగ్గర గీత గీసి, పక్కన చిన్నగా 'ఇనుము' అని రాసి ఉన్నాను. అన్ని రోజులూ రాసే ఉన్నాను. గీతలే సరిచూసింది గానీ పక్కన ఏముందో ఆమె చదవలేదు.

"ఇదేమిటి?"

"ఇనుము గదా మేడం. చేతికియ్యరు."

ఆమె లేచి సరాసరి కౌంటరు దగ్గరికి పోయింది. "యాదగిరిగారూ, తాళంచెవి చేతికి ఎందుకివ్వరు మీరు?"

యాదన్న ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇనుము చేతికిస్తే కొట్లాట అయితది మేడం. ఉప్పు గూడ గంతే. మా ఇంటామెకు కత్తెర ఇయ్యాలన్నా కిందనే పెడ్త." కాస్త ఆలోచించి, "గట్ల పెట్టినా కొట్లాటలు ఆగుతలేవనుకోండి" అన్నాడు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మూడు నెలలు! ఒక్క మాట అడిగితే పోయేదానికి! మా ఇంట్లోనూ ఉప్పు చేతికివ్వరు. తాళంచెవి ఇనుమని నాకు తోచనే లేదు." తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని, ఎర్ర పెన్సిలు చెక్కుకుని, మూడు నెలల కాగితాల్లోనూ తాళంచెవి గీతలు ఒక్కొక్కటే కొట్టేసింది. రెండు రోజులు పట్టింది. కొత్త కాగితాల మీద ఎత్తి రాసుకుంటే శుభ్రంగా ఉంటుంది కదా అన్నాను.

"వద్దు. కొట్టేసింది కనబడాలి. నేనెంత తెలివితక్కువదాన్నో రేపు చదివేవాళ్ళకు తెలియాలి."

ఆమె మీద నాకు గౌరవం ఆ రోజు కలిగింది. కోపం అంతకుముందే ఉంది. అది కూడా చెప్పాలి.

రోజూ పని మొదలుపెట్టే ముందు నాకొక పెన్సిలు ఇచ్చేది. ఇవ్వడమంటే, నేను చెయ్యి చాచినా, నా బల్ల మీద పెట్టేది. ఎన్ని వారాలు చూశానో. ఒక రోజు కాగితాలు సరిచూస్తూ ఆమె అడిగింది, "కారణాలు వద్దు గానీ, ఒకటి చెప్పండి సుగుణమ్మగారూ. ఇలా బల్ల మీద పెట్టినప్పుడు మీకెలా ఉంటుంది?"

"ఎవలు పెట్టినప్పుడు మేడం? మీరు పెట్టినప్పుడా?"

"నేనా?"

"పొద్దున పెన్సిలు. నిన్న పొద్దున గూడ."

ఆమె తన చెయ్యి వైపు చూసుకుంది. "మా నాయనమ్మకు మడి ఎక్కువ. ఆవిడ దగ్గర పెరిగాను, అందువల్ల" అని మొదలుపెట్టి, ఠక్కున ఆపేసింది. "కారణం తర్వాత" అని తనకు తనే చెప్పుకుంది. ఆ రోజు కాగితంలో ఒక కొత్త వరస గీసి రాసింది. పరిశోధకురాలు. బల్ల మీద. తర్వాత పెన్సిలు ఎత్తి నన్నడిగింది. "తర్వాతి మాట? అప్పుడు మీరేమన్నారు?"

"ఏమనలే. తువ్వాళ్ళు సర్దుకున్న."

మూడో గడిలో 'మౌనం' అని రాసింది.

ఆ తర్వాత మారిపోయిందని రాస్తే అబద్ధం. రెండు రోజులు చేతికిచ్చేది, మూడో రోజు మరిచిపోయేది. పెట్టాక గుర్తొచ్చి తనను తాను తిట్టుకునేది. ఆ తిట్లు గైడుగారు వినలేదు కాబట్టి సరిపోయింది.

ఏడాదిన్నర చూశాం. అప్పుడు హోటలు మేనేజరు ఒక పని చేశాడు. లోపలికి రానిచ్చినందుకు ఆమె అతనికి ఒక పేజీలో తాను చూసిందంతా రాసి ఇవ్వాలి. ఇచ్చింది. అది చదువుకుని అతను వెల్వెట్ గుడ్డ పరిచిన స్టీలు ట్రేలు తెప్పించాడు. రేపటి నుంచి ఎవరి చేతికీ ఎవరూ ఏదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. కార్డయినా, పెన్నయినా, అన్నీ ట్రేలోనే.

"దేవునికి పూజ చేసినట్లున్నదక్కా" అన్నాడు యాదన్న ట్రే పట్టుకుని. "గంట ఒక్కటే తక్కువ."

ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. నా తలుపు తీసే ఉంది.

"మీరే రాసిన్రు గద మేడం, బల్ల మీద పెడితే స్టాఫ్ బాధ పడ్తున్నరని. ఇగ బల్ల మీద ఎవ్వరు పెట్టరు. ప్రాబ్లం సాల్వ్. మీ వల్లనే."

"బాధ పోలేదండీ. కనబడకుండా పోయింది. దాన్ని నా పేరు మీద వేయకండి."

"పెద్ద పెద్ద హోటళ్ళల్ల గిట్లనే ఉంటది మేడం."

"అయితే పెద్ద పెద్ద హోటళ్ళలో కూడా ఇది తప్పే."

ఇంకొక పది రోజులు చూద్దామని అడిగితే అతను ఒప్పుకోలేదు. ఆమె కుర్చీ చేపల తొట్టి పక్కన నుంచి తీసేశారు. అప్పటికే కావలసినంత చూశాం. ఇక రాయడమే మిగిలింది.

ఆరేడు నెలల తర్వాత ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. షేరింగు ఆటోలో వచ్చిందట, చీర నిండా దుమ్ము. రాయడం పూర్తయింది. గైడుగారికి అంతా నచ్చింది, ఒక్కటి తప్ప. రెండో పరిశీలకురాలు ఎవరు, ఏం చదివింది అన్న చోట ఆమె ఉన్నదున్నట్టు రాసింది. సుగుణ, హోటలు ఉద్యోగి, ఇంట్లో చదువుకున్నది. అది చూస్తే పరీక్షకులు ఒప్పుకోరని ఆయన అన్నారు. రెండు రోజులు వచ్చిన ఆ ఎంబీఏ పిల్లల్లో ఒకరి పేరు పెట్టమన్నారు. లేకపోతే సంతకం చేయనన్నారు. ఆ ఏడాది చివరికల్లా డాక్టరేటు లేకపోతే ఆమె ఉద్యోగం ఉండదని కాలేజీ అప్పటికే కాగితం ఇచ్చింది.

నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. "గదేందో రాసెయ్యుండ్రి మేడం. నాకేం బాధ లేదు. నా పేరు ఎవలు చూస్తరు? మీ నౌకరి ముఖ్యం."

ఆమెకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

"మీకు బాధ లేకపోవచ్చు. మీరు మంచివాళ్ళు. ఈ మంచితనం నాకొద్దు. చూసింది మీరు. మీరు చూశారని రాయాలి. ఇందులో మీరు వదులుకోవడానికి ఏమీ లేదు. ఇది మీ సొంతం కాదు, దానం చేయడానికి. జరిగిన సంగతి."

"మరి నౌకరి పోతే ఏం చేస్తరు?"

"తెలియదు. భయంగానే ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు." చీర మీది దుమ్ము దులుపుకుంటూ, నెమ్మదిగా అంది. "మనం అంతకాలం కూర్చుని రాసింది ఏమిటి? చెయ్యి చాచిన మనిషిని చూడనట్టు బల్ల మీద పెట్టి పోవడం. ఇప్పుడు మీ పేరు తీసి ఇంకొకరి పేరు పెడితే నేను చేసేదేమిటి చెప్పండి?"

వినయం అని నేను అనుకునేదానిలో కొంత భయం కూడా ఉందని నాకు ఆ రోజు తెలిసింది. పెద్దవాళ్ళ కాగితాల్లో నా పేరు ఉంటే ఏమవుతుందోనన్న భయం. ఆమె వెళ్ళాక దాని గురించి చాలాసేపు ప్రార్థన చేసుకున్నాను. మరునాడు ఫోను చేసి, "నా పేరు తియ్యకున్రి మేడం" అన్నాను. "తీయనని నిన్ననే చెప్పానుగా" అంది. కానీ గొంతులో సంతోషం తెలుస్తోంది.

గైడుగారిని చివరిసారి కలవడానికి నన్ను తోడు తీసుకుపోయింది. ఆయన చెడ్డవారు కారు. లేచి కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. మెత్తగా మాట్లాడారు.

"ఎంతవరకు చదువుకున్నారమ్మా?"

"ఇంట్లనే సార్."

"అదే, ఇంట్లో ఎంతవరకు?"

"ఇంకా అయిపోలే సార్. నడుస్తనే ఉంది."

ఆమె ఫక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమెకు బోధపరచడం మొదలుపెట్టారు. పద్ధతి అన్నారు, ప్రమాణం అన్నారు, అందరూ చేసేదే అన్నారు. ప్రతిదానికీ ఆమె ఒకటే మాట. "చూసింది ఆమె సార్." చివరికి ఆయన పెన్ను మూత పెట్టేశారు.

"అయితే నేను సంతకం చేయలేనమ్మా."

"చేయకండి సార్" అంది. ఆ మాట అని, కాగితాలన్నీ గుండెకు ఆనించుకుని లేచింది.

బస్టాపులో మా బస్సు వచ్చినా ఆమె ఎక్కలేదు. పట్టుకుని కూర్చోబెట్టాను. "బాధ లేదనుకోకండి" అంది. "చాలా బాధగా ఉంది. బాధ వేరు, తప్పు చేయడం వేరు. బాధ పడతాను. అది నేను చేయగలను." తర్వాత రుమాలు విప్పింది. ఆ రోజు మాత్రం మరమరాలు గుప్పెళ్ళతో తిన్నాం ఇద్దరం.

అన్నట్టే ఉద్యోగం పోయింది. ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బతికింది. ఒక నెల గడిచాక కాగితాలన్నీ రెండు సంచుల్లో తెచ్చి నాకిచ్చింది. ఆమె గీతలు, నా గీతలు, ఎర్ర పెన్సిలు కొట్టివేతలు, అన్నీ.

"మీ దగ్గర ఉంచండి. నా దగ్గరుంటే ఏదో ఒక రోజు మెత్తబడతాను. ఇప్పుడే రోజుకోసారి అనిపిస్తోంది, ఒక్క పేరే కదా అని. మీరు మెత్తబడరు."

"నేనా? మొదట మెత్తబడ్డది నేనే గద మేడం."

"అందుకే. మీది అయిపోయింది. నాది ఇంకా కాలేదు."

రెండు సంచులూ దుప్పట్ల పెట్టెలో పెట్టాను. ఆ తర్వాత ఫోన్లలోనే ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం. ఆ కాగితాల మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చెల్లెలు వచ్చి వెళ్ళిన వారానికి గైడుగారే ఫోను చేశారు. అదే మెత్తని గొంతు. అంత పట్టుదల గల విద్యార్థిని తాను మరొకరిని చూడలేదన్నారు. ఆ మాట నిజంగానే అన్నారు. అందుకు ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

"ఆమె పేరు నిలబడాలనే కదమ్మా మనందరి కోరిక."

"అవును సార్."

"ఆ కాగితాలు పంపితే మిగతాది నేను చూసుకుంటాను."

"పంపుత సార్. ఎవలు చూసిన్రో వాళ్ళ పేర్లే ఉంటయి గదా?"

"దానికి ఒక పద్ధతి ఉందమ్మా. మీకు తెలియదు. ఒక పని చేద్దాం. మీ పేరు కృతజ్ఞతల పేజీలో వేస్తాను. మొట్టమొదటి పేరు మీదే ఉంటుంది."

కృతజ్ఞత నాకు తెలియని సంగతి కాదు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు నేను చేసేది అదే. నడిచే కాలికి, అమ్మ పాటకు, ఎండలో ఆరిన దుప్పటికి, అన్నిటికీ చెప్పుకుంటాను. అందుకే ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో నాకు తెలుసు.

"వద్దు సార్. కృతజ్ఞతలు సాయం చేసినోళ్ళకు చెప్తరు. నేను సాయం చేయలే. పని చేసిన. పని రాసిన కాడనే నా పేరు ఉండాలె."

"అలా అయితే పుస్తకం రాదు. ఆమె పేరు కూడా మట్టిలో కలుస్తుంది. అది మీ వల్లే అవుతుంది, ఆలోచించుకోండి."

"నా వల్ల కాదు సార్. మీరు పెన్ను మూత పెట్టిన రోజు నేను గాడనే ఉన్న."

ఫోను పెట్టేశారు.

చెల్లెలికి నేనే చెప్పాను. ఏడ్చింది. "అక్క పేరున ఒక్క పుస్తకమైనా మిగులుతుందనుకున్నాను. మీరింత కఠినులనుకోలేదండీ" అంది. నిజమే. ఆ పిల్ల దుఃఖానికి నా దగ్గర మందు లేదు. కాగితాలు చూడాలనిపిస్తే ఎప్పుడైనా రమ్మన్నాను, ఎవరినైనా తీసుకుని రమ్మన్నాను, ఇక్కడే కూర్చుని మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదువుకోవచ్చన్నాను. ఉన్నది ఉన్నట్టు వేస్తామని ఎవరు వచ్చినా ఆ రోజే రెండు సంచులూ ఇచ్చి పంపుతాను. అప్పటిదాకా అవి ఈ ఇంట్లోనే ఉంటాయి.

ఆ సాయంత్రం మోకరించి ఆమె కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చెల్లెలికి ఓదార్పు ఇమ్మని అడిగాను. గైడుగారి ఆరోగ్యం కోసం కూడా అడిగాను. నన్ను క్షమించమని మాత్రం అడగలేదు. ఈ విషయంలో అడగవలసింది ఏమీ లేదు.